చీటీ ఆగిన చోటే జబ్బు పాకింది: గత శతాబ్దం నడిమి కాలంలో బ్రిటన్ ఊళ్ళు అంటురోగాలతో ఎలా తలపడ్డాయి

1940లలో ఒక ఇంగ్లీషు ఊళ్ళో ఫ్యామిలీ డాక్టర్ ఏదో ఇంటికి వెళ్ళి, పిల్లవాడి నోరు తెరిపించి చూస్తే గొంతులో బూడిదరంగు పొర కనబడిందనుకుందాం. కంఠసర్పి కావచ్చు, డిఫ్తీరియా. రుజువయ్యేదాకా ఆగితే పిల్లవాడు దక్కడు. అందుకని అప్పటికప్పుడు రెండు పనులు చెయ్యాలి. జబ్బు విషాన్ని విరిచే యాంటీటాక్సిన్ సూది వెయ్యాలి. తర్వాత ఒక చిన్న అచ్చుకాగితం నింపాలి: పేరు, వయసు, చిరునామా, జబ్బు. ఆ కాగితం ఆసుపత్రికి వెళ్ళదు, లండన్‌లో మంత్రిత్వ శాఖకూ వెళ్ళదు. ఆ ఊరి కౌన్సిల్ భవనంలో కూర్చునే మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్ బల్ల మీదికి వెళ్తుంది. మన మునిసిపాలిటీల వాడుకలో చెప్పాలంటే, హెల్త్ ఆఫీసర్.

ఆ చీటీ వెనక 1889 నాటి చట్టం ఉంది. ప్రైవేటు రోగి గురించి రాసిన డాక్టరుకు రెండున్నర షిల్లింగులు, సంస్థల్లో చూసే రోగి గురించి రాస్తే ఒక షిల్లింగు ఇవ్వాలని చట్టంలోనే పెట్టారు. మొదట్లో లండన్ బయట ఇష్టమున్న ఊళ్ళే దాన్ని అమలు చేశాయి. 1899లో ఇంగ్లాండ్, వేల్స్ అంతటా తప్పనిసరి చేశారు. డబ్బు ఇవ్వాల్సి రావడానికి కారణముంది. ఇంటివాళ్ళ గుట్టు బయటపెట్టడం వృత్తిధర్మం కాదని డాక్టర్లు అడ్డు చెప్పారు. పైగా చీటీ రాస్తే పిల్లవాణ్ణి అంటురోగులను విడిగా ఉంచే ఐసొలేషన్ ఆసుపత్రికి పట్టుకుపోతారన్న భయంతో ఆ ఇల్లు మళ్ళీ అదే డాక్టర్ని పిలవకపోవచ్చు. మశూచి, కంఠసర్పి, స్కార్లెట్ ఫీవర్ (గొంతునొప్పితో ఒళ్ళు ఎర్రబారే జ్వరం), టైఫాయిడ్, టైఫస్ మొదటినుంచీ జాబితాలో ఉన్నాయి. క్షయ, పోలియో 1912లో చేరాయి. తట్టు, కోరింత దగ్గు దేశవ్యాప్తంగా నిలకడగా చేరింది రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలోనే.

ఈ కాలాన్ని మనం ఎక్కువగా టీకాల కథగా, పెన్సిలిన్ కథగా చదువుకుంటాం. అవి లేకపోతే గెలుపే లేదు, సందేహం లేదు. కానీ ఏ ఊళ్ళో జబ్బు పదిమందితో ఆగింది, ఏ ఊళ్ళో మూడువందలమందికి పాకింది అని వెతుక్కుంటూ వెళ్తే మందు దగ్గరకన్నా కబురు దగ్గరే జవాబు దొరుకుతుంది. ఎవరికి తెలిసింది, ఎన్ని గంటలకు తెలిసింది, తెలిసినవాళ్ళు ఎవరికి చెప్పారు. కబురంతా ఒకే బల్ల మీదికి చేరిన చోట వ్యవస్థ బాగా పనిచేసింది. రెండు బల్లల మధ్య కాగితం ఆగిపోయిన ప్రతిచోటా జనం చచ్చిపోయారు.

ఆ బల్ల వెనక మనిషి

లివర్‌పూల్ 1847లో విలియం హెన్రీ డంకన్ అనే డాక్టర్ని ఈ పదవిలో పెట్టుకుంది. బ్రిటన్‌లో ఇది మొదటి నియామకం. 1872 నుంచి ఇంగ్లాండ్, వేల్స్‌లో ప్రతి స్థానిక ఆరోగ్య సంస్థా ఒకరిని నియమించుకోవాల్సిందే. డాక్టరు పట్టా మీద పబ్లిక్ హెల్త్ డిప్లొమా కూడా ఉండాలి. జీతం ఇచ్చేది కౌన్సిలే అయినా, 1930ల నాటికి పూర్తికాలపు హెల్త్ ఆఫీసర్ని మంత్రి అనుమతి లేకుండా కౌన్సిల్ తీసెయ్యలేదు. ఇది చిన్న విషయం కాదు. ఏటా ఆయన రాసే నివేదికలో ఏ వీధి ఇళ్ళు నివాసయోగ్యం కావో, ఏ పాల నమూనాలు చెడ్డవో, ఏ బావి మీద అనుమానం ఉందో అచ్చులో ఉంటుంది. ఆ ఇళ్ళ యజమానులు, ఆ పాల వ్యాపారులు కౌన్సిల్లోనే సభ్యులై ఉండొచ్చు. ఉద్యోగ భద్రత లేని మనిషి అలాంటి నివేదిక రాయలేడు.

ఆయన కింద శానిటరీ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. 1956లో చట్టం వాళ్ళ పేరును పబ్లిక్ హెల్త్ ఇన్‌స్పెక్టర్లుగా మార్చింది. ఇంటింటికీ తిరిగే నర్సులు హెల్త్ విజిటర్లు. పెద్ద ఊళ్ళలో బడిపిల్లల ఆరోగ్యం చూసే స్కూల్ మెడికల్ ఆఫీసర్ పదవీ చాలాచోట్ల ఆయనదే. 1948 దాకా ఐసొలేషన్ ఆసుపత్రి కూడా ఆయన చేతికిందే ఉండేది. పాలు, నీళ్ళు, మురుగు, బడి, ఇల్లు, ఆసుపత్రి, ఇన్నీ ఒకే మనిషికి తెలిసే ఏర్పాటు అది.

ఈ నమూనా మనకు దూరమైనదేమీ కాదు. 1936 నాటి బ్రిటిష్ పబ్లిక్ హెల్త్ చట్టం వచ్చిన మూడేళ్ళకు మద్రాసు ప్రెసిడెన్సీ తన 1939 పబ్లిక్ హెల్త్ చట్టాన్ని చేసుకుంది. నెల్లూరు, గుంటూరు, బెజవాడ, కర్నూలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. ఆంధ్ర ప్రాంతపు 1939 ప్రజారోగ్య చట్టం అని తర్వాత మన దగ్గర కొనసాగింది అదే.

చీటీ వచ్చాక ఏం జరిగేది

మామూలుగా అదే రోజు ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటి తలుపు తట్టేవాడు. అడిగే ప్రశ్నలు జబ్బును బట్టి మారతాయి. కంఠసర్పి అయితే: ఇంట్లో పిల్లలెందరు, ఏ బడి, ఏ తరగతి, పక్కన కూర్చునేదెవరు, టీకా వేయించారా. వాళ్ళందరి గొంతుల్లోంచి దూది పుల్లతో నమూనా తీసి ల్యాబ్‌కి పంపుతారు. గడ్డకట్టిన సీరం మీద రాత్రంతా పెంచితే మర్నాటికి జవాబు. టైఫాయిడ్ అయితే ప్రశ్నలు వెనక్కి, మూడు వారాల దాకా పోతాయి: పాలు ఎవరు పోస్తారు, నీళ్ళు ఏ గొట్టం నుంచి, ఏ ఊరు వెళ్ళొచ్చారు, ఎక్కడ తిన్నారు, వండి చల్లార్చి అమ్మే మాంసం ఏ కొట్లో కొన్నారు.

జవాబులను ఊరి పటం మీద పెట్టి చూస్తారు. అనుభవమున్న ఆఫీసరుకు ఆ పటమే సగం చెబుతుంది. అన్ని వయసులవాళ్ళూ పడి, రోగుల ఇళ్ళు ఒక నీటి సరఫరా హద్దు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే అనుమానం నీటి మీద. ఒకే పాలవాడు తిరిగే వీధుల్లో, పచ్చిపాలు తాగే పిల్లలు, ఆడవాళ్ళు ఎక్కువగా పడితే పాల మీద. పిల్లలూ, సెలవులకు వచ్చినవాళ్ళూ పడితే ఐస్‌క్రీం మీద. అయితే రోగులను మాత్రమే లెక్కపెడితే మోసపోతారు. ఊళ్ళో సగంమందికి పోసే పాలవాడి పాలే రోగుల్లో సగంమంది తాగారంటే అందులో వింతేమీ లేదు. జబ్బు రానివాళ్ళు ఏం తిన్నారో కూడా అడిగితేనే తేడా బయటపడుతుంది. తొందరలో ఎక్కువగా వదిలేసేది ఈ రెండో ప్రశ్ననే.

పనికిరాని పనులూ చాలా చేశారు. రోగిని తీసుకెళ్ళాక గది కిటికీల సందులకు, తలుపు అంచులకు కాగితం పట్టీలు అంటించి లోపల గంధకం కాల్చేవాళ్ళు. వెయ్యి ఘనపుటడుగుల గదికి మూడు పౌన్లు. పరుపులను ఆవిరి యంత్రానికి పంపేవాళ్ళు. ఇంట్లో ఉన్న లైబ్రరీ పుస్తకాలను పట్టుకెళ్ళి శుద్ధి చేయడమో, తగలబెట్టడమో చేసేవాళ్ళు. ఆ పొగకు నల్లులు చచ్చాయి గాని రోగక్రిములకు పెద్దగా ఏమీ కాలేదు. స్కార్లెట్ ఫీవర్ గోడల్లో ఉండదు, గొంతుల్లో ఉంటుంది. జబ్బు లేకుండా క్రిమిని గొంతులో మోసే పిల్లలు పక్క గదిలోనే ఆడుకుంటున్నారు. ఈ సంగతి తెలిసిన తర్వాత కూడా చాలా ఊళ్ళు ఏళ్ళ తరబడి పొగ పెట్టడం మానలేదు. కౌన్సిల్ ఏదో చేస్తోందని ఆ వీధికంతటికీ కనబడేది ఆ పొగ ఒక్కటే కదా.

ఐసొలేషన్ ఆసుపత్రి సంగతీ ఇలాంటిదే. స్కార్లెట్ ఫీవర్ పిల్లలను నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచేవాళ్ళు. తల్లిదండ్రులు కిటికీ అద్దం అవతల నిలబడి చూసి వెళ్ళాలి. కొన్ని ఊళ్ళలో ప్రతి రోగికీ ఒక నంబరు ఇచ్చి, ఎవరి స్థితి విషమమో, ఎవరు కోలుకుంటున్నారో సాయంత్రం పత్రికలో నంబర్ల ప్రకారం వేసేవాళ్ళు. ఆ వరసలో తమ పిల్ల నంబరు కోసం తల్లులు వెతుక్కునేవాళ్ళు. ఇంత బాధ పెట్టి సాధించింది తక్కువ. ఒకే వార్డులో ఆ జ్వరం తెచ్చే స్ట్రెప్టోకాకస్ క్రిమిని వేర్వేరు రకాలుగా మోసే పిల్లలు ఉంటే ఒకరిది ఇంకొకరికి అంటి చెవులు చీము పట్టేవి. ఇంటికి వెళ్ళిన పిల్ల వల్ల తమ్ముడు పడితే దానికి 'రిటర్న్ కేస్' అని పేరే ఉండేది. సల్ఫా మందులు, పెన్సిలిన్ వచ్చాక ఆ వార్డులు ఖాళీ అయ్యాయి. నిజంగా ఐసొలేషన్ కావాల్సింది మశూచి, కంఠసర్పి, టైఫాయిడ్ రోగులకే.

క్రాయిడన్ బావి, 1937

ఈ వ్యవస్థ ఎక్కడ తెగుతుందో అర్థం కావాలంటే క్రాయిడన్‌ని చూడాలి. లండన్ దక్షిణపు అంచున, బాగా నడిచే పురపాలక సంఘం. ఊరి నీళ్ళలో కొంత ఆడింగ్టన్‌లోని లోతైన బావి నుంచి వచ్చేది. 1937 శరత్కాలంలో ఆ బావికి మరమ్మతు మొదలుపెట్టి పనివాళ్ళను లోపలికి దించారు. పని జరుగుతుండగానే నీళ్ళు తోడి ఊరికి ఇచ్చారు. ఆ రోజుల్లోనే వడపోత, క్లోరిన్ రెండింటినీ తప్పించారు. దిగిన పనివాళ్ళలో ఒకరికి మొదటి ప్రపంచయుద్ధ కాలంలో టైఫాయిడ్ వచ్చి తగ్గింది. ఒంట్లో క్రిమి మిగిలే ఉంది, అలాంటివాణ్ణి వాహకుడంటారు. ఆ సంగతి ఆయనకే తెలియదు.

ఇందులో ఏ ఒక్కటీ విడిగా ఊరిని ముంచేది కాదు. వాహకుడు దిగినా క్లోరిన్ ఉంటే నీళ్ళు బాగానే ఉండేవి. క్లోరిన్ లేకపోయినా మనుషులు దిగకపోతే అంత ప్రమాదం ఉండేది కాదు. మూడూ ఒక్కసారి కలిశాయి. కలుస్తున్నాయని చూసి ఆపగలిగిన మనిషి, హెల్త్ ఆఫీసర్, బావిలో పని జరుగుతోందని గాని, క్లోరిన్ ఆపారని గాని ఎరగడు. నీటి విభాగం ఇంజనీరుది, ఆరోగ్యం డాక్టరుది. ఇద్దరూ ఒకే సంఘం ఉద్యోగులు. 341 మందికి టైఫాయిడ్ వచ్చింది, 43 మంది చనిపోయారు. తర్వాతి బహిరంగ విచారణలో అన్నిటికన్నా బాధగా కనబడేది ఈ విభాగాల మధ్య లేని కబురే.

టైఫాయిడ్‌లో ఆలస్యానికి ఎంత ఖరీదో ఇక్కడ లెక్క వేసుకోవచ్చు. క్రిమి లోపలికి పోయాక జ్వరం రావడానికి మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజులు. మొదటి వారం జ్వరాన్ని ఫ్లూ అనుకోవడం సహజం. టైఫాయిడ్‌కు చేసే విడాల్ రక్తపరీక్ష రెండో వారం దాకా సరిగా పలకదు. మొదటి వారంలో పట్టుకోవాలంటే రక్తాన్ని కల్చర్ చెయ్యాలి, అంటే అందులోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడాలి, ఆ అనుమానం డాక్టరుకు రావాలి. కాబట్టి మొదటి చీటీ బల్ల మీదికి వచ్చేసరికి ఆ నీళ్ళు తాగి మూడు వారాలైంది. ఆ రోజే బావి మూసినా ఇంకో రెండు మూడు వారాలు రోగులు వస్తూనే ఉంటారు. చీటీ రావడం మొదలయ్యాక చేసేది నష్టాన్ని తగ్గించడమే. ఆపగలిగే అవకాశం అంతకుముందే, క్లోరిన్ ఆపుతున్నామని ఒక ఇంజనీరు ఒక డాక్టరుకు ఫోన్ చేసి ఉంటే, ఉండేది.

మురుగులోంచి మనిషి దాకా

టైఫాయిడ్ తగ్గినవాళ్ళలో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురు దీర్ఘకాల వాహకులవుతారు. క్రిమి ఎక్కువగా పిత్తాశయంలో, కొందరిలో మూత్రకోశంలో స్థిరపడుతుంది. మనిషి ఆరోగ్యంగా ఉంటాడు. క్రిమి రోజూ బయటికి రాదు, వారాల తరబడి రాకుండా మళ్ళీ వస్తుంది. అందుకే ఒకసారి మలపరీక్షలో ఏమీ లేదంటే అర్థం లేదు. రోజులు విడిచి చాలాసార్లు చెయ్యాలి.

వేల్స్ తీరాన ఉన్న విడిది ఊరు ఆబెరిస్ట్విత్‌లో 1946 వేసవిలో ఇలాంటి ఒక వాహకుడు ఐస్‌క్రీం తయారుచేసి అమ్మాడు. 210 మందికి జబ్బు వచ్చింది, నలుగురు పోయారు. ఐస్‌క్రీంలో ఉన్న చిక్కు ఇది: మిశ్రమాన్ని వేడిచేసినా, చల్లారేటప్పుడు చెయ్యి తగిలితే అది క్రిమికి చక్కని పాలబువ్వ. గడ్డకట్టించడం వల్ల టైఫాయిడ్ క్రిమి చావదు. మరుసటి ఏడే ప్రభుత్వం నియమావళి తెచ్చింది: మిశ్రమాన్ని 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 30 నిమిషాలు, లేదా 160 దగ్గర 10 నిమిషాలు ఉంచాలి, ఆపైన గంటన్నరలోపు 45 డిగ్రీలకు దించాలి. చాలామంది మొదటి సగాన్నే గుర్తుపెట్టుకుంటారు. ప్రాణాలు కాపాడేది ఆ గంటన్నర కూడా.

వాహకుణ్ణి వెతికే పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది డెవన్ ప్రాంతంలో బ్రెండన్ మూర్ అనే బాక్టీరియాలజిస్టు వాడి, 1948లో ప్రచురించిన పద్ధతి. అక్కడ టైఫాయిడ్‌ను పోలిన పారాటైఫాయిడ్ అప్పుడప్పుడూ తల ఎత్తుతోంది, మూలం దొరకడం లేదు. ఊళ్ళో అందరి మలమూత్రాలూ పరీక్షించడం అయ్యే పని కాదు. అందరివీ ఎలాగూ ఒక చోటికే పోతున్నాయి కదా. నాలుగడుగుల పొడుగు, అరడుగు వెడల్పున్న గాజుగుడ్డను మడతలు పెట్టి, మందపాటి మెత్తగా చేసి, గట్టి దారం కట్టి, మ్యాన్‌హోల్ మూత ఎత్తి మురుగు పారే చోట వేలాడదీస్తారు. రెండు రోజులు అక్కడే ఉంటుంది. పారే మురుగంతా దాని గుండా పోతూ క్రిములను అందులో వదులుతుంది. ఒక సీసాడు మురుగు ముంచి తెస్తే క్రిమి దాటిపోయిన క్షణం కావచ్చు. గుడ్డ మాత్రం రెండు రోజులు కాపలా కాస్తుంది. తీసి, కావలసిన క్రిమిని పెంచే ఎన్‌రిచ్‌మెంట్ ద్రావణంలో పిండి, ఆ తర్వాత బిస్మత్ సల్ఫైట్ అగార్ అనే జిగురు పదార్థం మీద పరిస్తే టైఫాయిడ్ జాతి క్రిములు నల్లటి చుక్కలుగా మొలుస్తాయి.

ఇక నడక మొదలు. పెద్ద కాలువలో క్రిమి ఉంటే, దానిలో కలిసే ఒక్కొక్క పిల్లకాలువ దగ్గరా గుడ్డ కట్టాలి. ఏది పలికితే దాని వెంట పైకి. మళ్ళీ చీలిక, మళ్ళీ గుడ్డలు. వీధి, వీధిలో ఒక భాగం, చివరికి రెండు మూడు ఇళ్ళు. అప్పుడు తలుపు తట్టి నమూనా అడుగుతారు. దీనికి కావలసినవి గాజుగుడ్డ, దారం, ఊరి మురుగు కాలువల పటం, మ్యాన్‌హోల్ మూత ఎత్తే కౌన్సిల్ కార్మికుడు. ఆ పటం ఇంజనీరు బీరువాలో ఉంటుంది, పరీక్ష ల్యాబ్‌లో జరుగుతుంది, తలుపు తట్టే అధికారం హెల్త్ ఆఫీసరుది. ముగ్గురూ కలిస్తేనే గుడ్డ పలుకుతుంది.

ఆ ల్యాబుల కథా చెప్పాలి. యుద్ధంలో జర్మనీ క్రిములతో దాడి చేస్తుందేమో, బాంబులకు ఊళ్ళు చెదిరి అంటురోగాలు రేగుతాయేమో అనే భయంతో 1939లో అత్యవసర ప్రజారోగ్య ల్యాబుల వ్యవస్థ పెట్టారు. భయపడ్డంత రాలేదు గాని ల్యాబులు ఎంత అవసరమో తెలిసింది. 1946 చట్టంతో శాశ్వతమయ్యాయి. లండన్‌లోని కాలిండేల్ కేంద్రంలో టైఫాయిడ్ క్రిమిని ఫేజ్ రకాలుగా విడదీసేవాళ్ళు. ఫేజ్ అంటే బాక్టీరియాను చంపే వైరస్; ఏ ఫేజ్‌కి కరుగుతుందో దాన్ని బట్టి క్రిమికి వంశం పేరు. వేర్వేరు ఊళ్ళలో విడివిడిగా పడిన ముగ్గురు రోగులది ఒకే రకమైతే, ఒకే కుండలోది తిని ఉండొచ్చని అనుమానించాలి.

పాల గురించి ఒక్క మాట. అప్పట్లో బ్రిటన్‌లో పచ్చిపాలు తాగడం మామూలు. పొంగేదాకా కాచందే పాలు ముట్టని మన ఇళ్ళవాళ్ళకు అది వింతగా ఉంటుంది. పాశ్చరైజ్ చేశామని డెయిరీ చెబితే నమ్మడం ఎలా? పాలలో ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ సహజంగా ఉంటుంది. అది నశించడానికి కావలసిన వేడి, క్షయ క్రిమి చావడానికి కావలసిన వేడికన్నా ఒక్క పిసరు ఎక్కువ. కాబట్టి ఫాస్ఫటేజ్ లేకపోతే క్షయ క్రిమి బతికి ఉండదు. ఉంటే వేడి చాలలేదు, లేదా పచ్చిపాలు కలిపారు. 1949 చట్టం తర్వాతే ఒక్కొక్క ప్రాంతంలో పచ్చిపాల అమ్మకానికి కట్టుదిట్టాలు వచ్చాయి.

కంఠసర్పి: స్థానిక అధికారపు రెండో ముఖం

ఊరి చేతిలో అధికారం ఉండటం మంచిదని ఇంతదాకా చెప్పినదాన్ని కంఠసర్పి కొంత సవరిస్తుంది. టీకా 1920ల నుంచే ఉంది. కెనడా, అమెరికా నగరాలు కొన్ని విరివిగా వేసి జబ్బును తగ్గించాయి. బ్రిటన్‌లో మాత్రం వెయ్యాలో వద్దో ప్రతి కౌన్సిల్ ఇష్టం; ఇంటిపన్ను కట్టేవాళ్ళ డబ్బు కాబట్టి చాలా కౌన్సిళ్ళు కదల్లేదు. 1940లో బ్రిటన్‌లో 61,000 మందికి పైగా రోగులు, 3,283 మరణాలు. అప్పుడు ప్రభుత్వం టీకా మందు ఉచితంగా ఇచ్చి, గోడపత్రికలు వేసి, ప్రచారానికి దిగింది. 1957లో రోగులు 38 మంది, మరణాలు ఆరు. మందు కేంద్రానిది, కానీ ఏ ఇంట్లో బిడ్డ పుట్టింది, ఎవరికి ఏడాది నిండుతోంది అన్నది హెల్త్ విజిటర్ పుస్తకంలోనే ఉంది. మొదటి పుట్టినరోజుకు శుభాకాంక్షల కార్డు పంపి, అందులోనే టీకా గుర్తుచేసిన కౌన్సిళ్ళు ఉన్నాయి.

ఈ విజయం మధ్యలో ఒక దెబ్బ తగిలింది. పోలియో రేగుతున్న రోజుల్లో టీకా సూది వేయించుకున్న కొందరు పిల్లలకు నెలలోపు సరిగ్గా సూది పడిన చెయ్యో కాలో పడిపోతోందని డాక్టర్లు గమనించారు. గణాంక పరిశోధకులు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్, నోవెల్డెన్ 1950లో లెక్కలు తీసి అది నిజమేనని చూపించారు. పోలియో క్రిమి అప్పటికే ఒంట్లో ఉన్న పిల్లకు కండరంలో సూది గుచ్చితే, ఆ అవయవానికి పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది. దాచకుండా చెప్పి, పోలియో ఉన్న చోట, ఆ కాలంలో సూదులు ఆపారు. టీకా వేయించుకునేవాళ్ళు తగ్గారు. అయినా అది సరైన పనే. నిజం చెప్పినందుకే తర్వాత జనం తిరిగి వచ్చారని నా నమ్మకం.

పోలియో టీకా 1956లో మొదలైనా యువకులు పట్టించుకోలేదు. 1959 ఏప్రిల్‌లో ఇంగ్లాండ్ జట్టు ఫుట్‌బాల్ ఆటగాడు జెఫ్ హాల్ పోలియోతో చనిపోయాడు. వారం తిరక్కుండా క్లినిక్‌ల ముందు బారులు తీరారు, మందు నిలువలు చాలలేదు.

1948 తర్వాత

జాతీయ ఆరోగ్య సేవ 1948 జులై 5న మొదలైంది. పేదవాడికి వైద్యం ఉచితమైంది. దాని గొప్పతనం గురించి వాదన అనవసరం. కానీ అంటురోగాల లెక్కలో ఒక మార్పు జరిగింది. ఆసుపత్రులన్నీ ప్రాంతీయ బోర్డుల కిందికి వెళ్ళాయి, ఐసొలేషన్ ఆసుపత్రితో సహా. ఫ్యామిలీ డాక్టర్లు ఇంకో మండలి కిందికి. హెల్త్ ఆఫీసర్ దగ్గర మిగిలింది ఇళ్ళు, బడులు, టీకాలు, తనిఖీలు. మశూచి టీకా నిర్బంధం కూడా అదే రోజు పోయింది.

1962 జనవరిలో ఉత్తర ఇంగ్లాండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఊళ్ళో ఆ మార్పు పరీక్షకు వచ్చింది. కరాచీ నుంచి డిసెంబర్‌లో వచ్చిన ఒక తొమ్మిదేళ్ళ పిల్ల ఆసుపత్రిలో చేరి, డిసెంబర్ 30న చనిపోయింది. మలేరియా కూడా ఉండటంతో మశూచి అని ఎవరికీ తట్టలేదు. చీటీ రాలేదు, రాసేవాళ్ళకే తెలియదు కాబట్టి. రెండు వారాలకు అదే ఆసుపత్రితో సంబంధమున్నవాళ్ళు పడ్డారు. 14 మంది రోగులు, ఆరుగురి మరణం. అనుమానం వచ్చిన దగ్గరనుంచి పని చాలా వేగంగా సాగింది: రోగిని కలిసిన ప్రతివాళ్ళ జాబితా, వాళ్ళకు టీకా, పదహారు రోజులు రోజూ ఇంటికి వెళ్ళి చూడటం. మశూచికి ఇదే అసలు మందు. కలిసిన మూడు రోజుల్లోపు టీకా పడితే జబ్బు చాలావరకు ఆగుతుంది.

పత్రికల్లో మాత్రం టీకా కోసం నిలబడ్డ బారులే కనబడ్డాయి. బ్రాడ్‌ఫర్డ్‌లో రెండున్నర లక్షలమందికి పైగా, అదే ఏడు సౌత్ వేల్స్‌లో తొమ్మిది లక్షలమందికి వేశారు. సౌత్ వేల్స్‌లో 19 మంది పోయారు. బారుల్లో నిలబడినవాళ్ళలో ఎక్కువమంది ఏ రోగికీ మైలు దూరంలోకి కూడా వెళ్ళినవాళ్ళు కాదు. ఆ బారులకు సూదులు వేసే సిబ్బందే జాబితాలోని ఇళ్ళకు తిరగాల్సినవాళ్ళు. ఇంకో హాని కూడా జరిగింది. ఊళ్ళో ఉన్న పాకిస్తానీ కార్మికుల మీద కోపం మళ్ళింది. జాబితాలో ఉండాల్సిన మనిషి భయంతో పేరు చెప్పకపోతే నష్టం ఊరంతటిదీ.

రెండేళ్ళకు, 1964 మే నెలలో, స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్. అర్జెంటీనా నుంచి వచ్చిన కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరబెట్టి ఉడికించిన గొడ్డుమాంసం) పెద్ద డబ్బా ఒక సూపర్‌మార్కెట్‌లో తెరిచి కోశారు. డబ్బాలోకి క్రిమి ఎలా పోయింది? మాంసం నింపి, మూసి, ఉడికించాక డబ్బాను నీళ్ళలో చల్లారుస్తారు. చల్లారుతుంటే లోపల గాలి కుంచించుకుంటుంది. అతుకులో వెంట్రుకంత సందు ఉన్నా బయటి నీళ్ళను లోపలికి పీలుస్తుంది. ఆ నీళ్ళు మురుగు కలిసే నదివి, క్లోరిన్ వెయ్యనివి. ఆహారం చెడగొట్టే మామూలు క్రిములు గాలి పుట్టించి డబ్బాను ఉబ్బిస్తాయి. టైఫాయిడ్ క్రిమి ఉబ్బించదు, వాసనా రాదు. ఆపైన అదే కోతయంత్రం మీద వండి చల్లార్చిన ఇతర మాంసాలు కోశారు. బీఫ్ తిననివాళ్ళకూ పాకింది. రోగుల సంఖ్య 500 దాటింది.

హెల్త్ ఆఫీసర్ ఇయన్ మాక్వీన్ బృందం రోగుల తిండి వివరాలతో కొద్ది రోజుల్లోనే కొట్టును పట్టుకుంది. ఆయన రోజూ పత్రికలవాళ్ళను పిలిచి మాట్లాడాడు, చేతులు కడుక్కోమని ఊరంతటికీ నేర్పాడు. అవసరానికి మించి ప్రచారం చేశాడన్న విమర్శా పడ్డాడు. అయితే నన్ను నిలేసే విషయం అంతకుముందు ఏడుది. 1963లోనే హార్లో, సౌత్ షీల్డ్స్, బెడ్‌ఫర్డ్ ఊళ్ళలో టైఫాయిడ్ రేగింది, అనుమానం కార్న్‌డ్ బీఫ్ మీదికే వెళ్ళింది. కేంద్రంలో అధికారులకు సంగతి తెలుసు. బహిరంగ హెచ్చరిక వెలువడలేదు. క్రాయిడన్‌లో కాగితం ఇంజనీరు గదిలో ఆగింది. ఈసారి ఆగింది లండన్ కార్యాలయాల్లో.

1974 ఏప్రిల్ 1న ఇంగ్లాండ్, వేల్స్‌లో హెల్త్ ఆఫీసర్ పదవినే తీసేశారు. డాక్టర్లు ఆరోగ్య సేవలోకి వెళ్ళారు, ఇన్‌స్పెక్టర్లు కౌన్సిల్లో మిగిలారు. పదేళ్ళకు, 1984 ఆగస్టులో, వేక్‌ఫీల్డ్‌లోని స్టాన్లీ రాయిడ్ ఆసుపత్రిలో తిండి ద్వారా పాకే సాల్మొనెల్లా క్రిమి రేగి 19 మంది రోగులు చనిపోయారు. మరుసటి ఏడు స్టాఫర్డ్‌లో నీటి తుంపరల ద్వారా పాకే న్యుమోనియా, లెజియొనేర్స్ జబ్బు. ఈ రెండింటి తర్వాత వేసిన అచెసన్ సంఘం 1988లో ఇచ్చిన నివేదికలో, ప్రతి ప్రాంతంలో ప్రజారోగ్యానికి జవాబుదారీగా ఒక డైరెక్టర్ ఉండాలని కోరింది. 2013 ఏప్రిల్‌లో ఇంగ్లాండ్‌లో ఆ డైరెక్టర్ బల్ల తిరిగి కౌన్సిల్ భవనాల్లోకి వచ్చింది. అనుమానం వచ్చిన డాక్టరు ఇప్పటికీ కబురు పంపాల్సింది కౌన్సిల్ నియమించిన అధికారికే: మూడు రోజుల్లోపు రాతలో, తొందరదైతే ముందు ఫోన్‌లో.